నల్ల డగ్లస్ ఎవరి గాదెలు కాల్చాడు?

గత సంచికలో జేమ్స్ డగ్లస్ మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్రాసినవారు నాకు అన్నగారి వంటివారు. నేను ఈ స్కాట్లండు వచ్చిన కొత్తలో ఇల్లు వెతికిపెట్టి, కందిపప్పూ చింతపండూ దొరికే కొట్టు చూపించిన పెద్దమనిషి. అయినా ఎక్కడైనా బావ గానీ వంగతోట దగ్గర కాదన్నారు. ఆయన మీద గౌరవానికి లోటు రానివ్వకుండా, ఆయన వ్రాసిన దాని మీద మాత్రం గట్టిగానే నాలుగు మాటలు అనదలిచాను.

సంగతి వ్యాసంతో ఆగితే వూరుకునేవాణ్ణే. వచ్చే ఉగాదికి మన పిల్లలచేత డగ్లస్ దొర నాటిక వేయించాలని కార్యవర్గం తీర్మానించింది. మా వాడికి డగ్లస్ వేషమే ఇచ్చారు. వారం రోజులుగా మా ఇంట్లో చెక్కకత్తి ఝళిపింపులు, ఇంగ్లీషువాళ్ళను గడగడలాడిస్తానని కేకలు. మా పక్కింటావిడ యార్క్‌షైరు మనిషి. ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. నాకే తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి కూర్చుని నాటిక మొదటినుంచి చివరిదాకా చదివాను. ఏడు రంగాలున్నాయి. కోటలున్నాయి, కత్తులున్నాయి, వెండి భరిణెలో రాజుగారి గుండె వుంది. పొలం దున్నుకునేవాడు ఒక్కడు లేడు.

ముందు ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. డగ్లస్ కుటుంబానికి జరిగింది అన్యాయమే. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు బెరిక్ పట్టణం మీద పడి వూళ్ళో జనాన్ని వేలలెక్కన నరికించాడు. అక్కడి కోటను కాస్తున్నవాడు డగ్లస్ తండ్రి విలియం. ఆయన లొంగిపోయి, విడుదలై, మళ్ళీ తిరగబడి, చివరికి లండన్ టవరు చెరలో ప్రాణం విడిచాడు. ఎస్టేటును ఎడ్వర్డు తన మనిషి క్లిఫర్డుకు వ్రాసిచ్చాడు. కుర్రవాణ్ణి బిషప్ లాంబర్టన్ వెంటబెట్టుకు వెళ్ళి, పిత్రార్జితం తిరిగి ఇప్పించమని అడిగితే, తండ్రి పేరు చెవిని పడగానే ఎడ్వర్డు మండిపడి పొమ్మన్నాడని కవి బార్బర్ వ్రాశాడు. అటువంటి కుర్రవాడు 1306లో రాబర్ట్ బ్రూస్ పక్షాన చేరాడంటే తప్పు పట్టేవాడెవడు? 1314లో క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందరి మంగళవారం రాత్రి, నల్ల దుప్పట్లు కప్పుకుని పశువుల మందలాగా పాకుతూ పోయి రాక్స్‌బరో కోట ఎక్కడం సాహసమే. అదే ఏడు జూన్‌లో, బానక్‌బర్న్‌లో ఓడి పారిపోతున్న రెండవ ఎడ్వర్డును డన్‌బార్ దాకా తరమడమూ సాహసమే. ఇవి ఎవరూ కాదనరు.

కాని మిత్రులు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే నాకు పేచీ. "అనంతరం అతడు సుమారు పదిహేనేళ్ళు సరిహద్దులో ఇంగ్లీషువారిని గడగడలాడించాడు" అన్నారు. ఎవరండీ ఆ ఇంగ్లీషువారు? లండన్‌లో కూర్చున్న రాజా? యార్కులో మకాం పెట్టిన ఆయన కొలువా? వాళ్ళు గడగడలాడి వుంటే యుద్ధం బానక్‌బర్న్‌తోనే ముగిసిపోయేది. ముగియలేదు. బానక్‌బర్న్ తరువాత సంధి కుదరడానికి పధ్నాలుగేళ్ళు పట్టింది. ఆ పధ్నాలుగేళ్ళూ వణికినవాళ్ళు నార్తంబర్లండు, డర్హం, కంబర్లండు, యార్క్‌షైరుల్లో నాగలి పట్టినవాళ్ళు.

మొదట అతని సొంత వూరిలోనే చూడండి. 1307 మట్టల ఆదివారం నాడు సెయింట్ బ్రైడ్ చర్చిలో ప్రార్థనకు వచ్చిన ఇంగ్లీషు సిపాయిల మీద డగ్లస్ పడ్డాడని బార్బర్ కథ. కోటలో వండి సిద్ధంగా వున్న భోజనం తన మనుషులతో హాయిగా తిన్నాడు. ఆపైన ఉగ్రాణంలోని పిండీ, ధాన్యమూ, మాల్టూ నేల మీద కుప్ప పోయించి, సారాయి పీపాలు పగలగొట్టించి, పట్టుబడ్డ సిపాయిల తలలు ఆ కుప్ప మీదే నరికించాడు. బావిలో ఉప్పూ చచ్చిన గుర్రాలూ వేయించాడు. కోటకు నిప్పు పెట్టి వెళ్ళిపోయాడు. దీనిని 'డగ్లస్ ఉగ్రాణం' అని ఈ దేశస్థులు నేటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. మన నాటికలో ఇది రెండో రంగం, చప్పట్లు పడవలసిన చోటని పక్కన వ్రాసి వుంది కూడాను. ఆ పిండి ఎవరిది? క్లిఫర్డు లండన్‌నుంచి మోయించుకొచ్చింది కాదు గదా. ఆ లోయలో డగ్లస్ తండ్రి దగ్గర, తాత దగ్గర భూమి చేసుకుని బతికిన రైతులు పండించినది. దొర మారినా శిస్తు మారలేదు. పాత దొర కొడుకు వచ్చి దాన్ని నెత్తుటితో కలిపి తగలబెట్టిపోయాడు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పిల్లలకు చెప్పే మనం ఆ రంగానికి చప్పట్లు కొట్టాలట!

ఇక సరిహద్దు దాటిన తరువాతి కథ. 1327లో ఇంగ్లండు పక్షాన జీతానికి వచ్చిన సేనతో పాటు, ఇప్పటి బెల్జియం ప్రాంతంనుంచి జాన్ లె బెల్ అనే ఆయన వచ్చాడు. స్కాటు దండు ఎలా నడిచేదో ఆయన కళ్ళారా చూసినవాడుగా వ్రాసి పెట్టాడు. పొట్టి గుర్రాలు. ఒక్కొక్క రౌతు వెనుక ఒక చిన్న సంచిలో ఓట్సు పిండి, జీను కింద ఒక ఇనుప పెనం. బళ్ళు లేవు, వంటపాత్రలు లేవు. మాంసం దారిలో దొరికిన పశువులది, దాన్ని వాటి తోలులోనే వుడకబెట్టుకునేవారు. కడుపు బరువెక్కితే పెనం మీద రొట్టె కాల్చుకునేవారు. చదువుతూ వుంటే ముచ్చట వేస్తుంది, కాదనను. కాని దారిలో దొరికిన పశువు అంటే అడవిలో తిరిగే పశువు కాదు. ఎవరి దొడ్లోదో, ఎవరి నాగలికి కట్టినదో.

ఈ దండ్లకు ఒక పద్ధతి వుంది. వూరికే చంపడం పద్ధతి కాదు. ఎదిరించనివాణ్ణి చాలావరకు చంపేవారు కాదని కార్లైల్ దగ్గరి లానర్కాస్ట్ మఠంలోని చరిత్రకారుడే, శత్రుపక్షం వాడై వుండీ, ఒప్పుకున్నాడు. చచ్చినవాడు డబ్బు కట్టడు గదా! కాల్చడం, తోలుకుపోవడం, తరువాత ధర చెప్పడం. 1312లో సంతరోజు చూసుకుని డర్హం పట్టణం మీద పడి దోచి తగలబెట్టారు. అక్కడివాళ్ళు మరుసటేడు నడివేసవి దాకా తమ జోలికి రావద్దని 2,000 పౌనులు ఒప్పుకున్నారు. గడువు తీరగానే మళ్ళీ బేరం. మరాఠాల చౌతు గురించి చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో చదివాం గదా, ఇదీ అదే. కట్టినవాడి పొలం పచ్చగా వుంటుంది, కట్టలేనివాడి పొలం నల్లగా వుంటుంది.

1318 మే నెలలో డగ్లస్, మరి రాండాల్ఫ్ కలిసి యార్క్‌షైరులోకి దిగారు. నేర్స్‌బరో పట్టణంలో 160 ఇళ్ళకు 140 ఇళ్ళు బూడిదయ్యాయి. రిపన్ పట్టణం జనం పెద్ద చర్చిలో దూరి తలుపులు వేసుకున్నారు. బయట దండు. లోపల పిల్లలు, ముసలివాళ్ళు. చివరకు 1,000 మార్కులకు బేరం కుదిరింది. మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు. రోజుకూలి రెండు పెన్నీలు వేసుకున్నా అది 80,000 రోజుల కష్టం. అంత డబ్బు ఎక్కడిది? కొంత ఇచ్చి, మిగిలినదానికి పూచీగా ఆరుగురు పెద్దమనుషులను అప్పగించారు. ఆరుగురినీ స్కాట్లండు తోలుకుపోయారు. వూరివాళ్ళు బాకీ తీర్చలేకపోయారు, లేదా తీర్చడానికి మనసొప్పలేదు. వాళ్ళ భార్యలు మా మగవాళ్ళను విడిపించండి మహాప్రభో అని ఇంగ్లండు రాజుకు అర్జీ పెట్టుకున్నారు. ఈ అర్జీ సంగతి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. దండెత్తినవాడు డగ్లస్, కాపాడలేకపోయినవాడు ఎడ్వర్డు, బాకీ ఎగ్గొట్టినవాళ్ళు ఇరుగుపొరుగువాళ్ళు. ఆ ఆడవాళ్ళు ఎవరి గుమ్మం తొక్కాలి?

కాలం ఎటువంటిదో కూడా మరిచిపోకూడదు. 1315 నుంచి మూడేళ్ళు ఉత్తర ఐరోపా అంతా ఎడతెగని వానలతో పంటలు కుళ్ళి, మహాక్షామం వచ్చింది. 1319 నుంచి పశువులకు తెగులు తగిలి మందలు మందలు పడిపోయాయి. ఆ కరువులో మిగిలిన గింజల మీద, మిగిలిన ఎద్దుల మీద ఈ దండయాత్రలు. ఉత్తరాది చర్చిల మీద విధించే పన్నుకు 1318లో కొత్త మదింపు వేయవలసి వచ్చింది. చాలా చోట్ల విలువను సగానికి, పావుకు దించారు. కొన్నిచోట్ల ఏమీ రాదని వ్రాసుకున్నారు. పన్ను వేసేవాడే ఇక్కడ తీసుకోవడానికి ఏమీ లేదన్నాడంటే ఆ వూళ్ళు ఎలా వున్నాయో ఊహించుకోండి.

"మరేం చేయమంటారు? స్కాట్లండు చిన్న దేశం, బయలు యుద్ధంలో ఇంగ్లండుతో నిలవలేదు, ఇదొక్కటే దారి" అని మిత్రులు తప్పక అంటారు. బలమైన మాటే. నా జవాబు ఇది. దారి అదొక్కటే అనుకుందాం. అయితే ఆ దారి చేరవలసిన చోటికి చేర్చిందా? ఉత్తరాది కాలితే ఎడ్వర్డు ఒళ్ళు కాలలేదు. పదేళ్ళు కాల్చినా అతడు బ్రూస్‌ను రాజుగా గుర్తించలేదు. చివరకు సంధి కుదిరింది ఎప్పుడయ్యా అంటే, 1327లో అతణ్ణి సొంత భార్యే గద్దె దింపిన తరువాత, పధ్నాలుగేళ్ళ కుర్ర రాజుకు బదులు ఆమె, ఆమె ప్రియుడు ఏలుతూ వుండగా, వాళ్ళ బొక్కసం ఖాళీ అయినప్పుడు. ఆ ఏడు స్టాన్‌హోప్ దగ్గర డగ్లస్ అర్ధరాత్రి కుర్ర రాజు గుడారం తాళ్ళు తెగనరికిన మాట నిజమే. అక్కడ అతడు రాజు మీదికి వెళ్ళాడు, రైతు మీదికి కాదు. సంధికి పనికి వచ్చిందీ అదే.

డబ్బు లెక్క కూడా చెప్పుకుందాం, మనలో అక్కౌంటెంట్లు చాలామంది వున్నారు. ఈ దండుల మూలంగా ఉత్తర ఇంగ్లండునుంచి స్కాట్లండుకు చేరిన కప్పం మొత్తం సుమారు 20,000 పౌనులు వుండవచ్చని చరిత్రకారులు వేసిన ఒక అంచనా. 1328 సంధిలో స్కాట్లండు ఇంగ్లండుకు ఇస్తామని ఒప్పుకున్న సొమ్ము ఎంతో తెలుసా? అక్షరాలా 20,000 పౌనులు. డర్హం రైతు దగ్గర తీసుకున్నంత సొమ్ము లండన్ రాజుకు పోయింది. డర్హం రైతుకు వచ్చింది సున్న.

డగ్లస్‌కు మాత్రం సున్న కాదు. 1322లో బైలండ్ యుద్ధంలో అతనికి ముగ్గురు ఫ్రెంచి దొరలు చిక్కారు. వాళ్ళ విడుదల సొమ్ము 4,400 మార్కులు. ఫ్రాన్సు రాజు స్నేహం కోసం బ్రూస్ వాళ్ళను ఉత్తినే వదిలేశాడు. మరి డగ్లస్ నష్టం? దానికి బదులు 1324లో ఒక పచ్చ ఉంగరం తొడిగి, పట్టా వ్రాసిచ్చాడు. పచ్చల పట్టా అని దానికి పేరు. అందులో డగ్లస్‌కు దక్కిందేమిటయ్యా అంటే, తన భూముల్లోని జనం మీద నేరవిచారణ చేసే అధికారం, రాజుకు చెల్లించవలసిన సేవల మినహాయింపు. అంటే రావలసిన రొక్కానికి బదులు మనుషుల మీద పెత్తనం. బాకీ రాజుది, చెల్లుబడి అయింది రైతులు! ఆ వంశం సరిహద్దులో రాజుకు సమానమైన రాజుగా పెరగడానికి విత్తనం అక్కడే పడింది. 1440లో ఎడింబరో కోటలో పిల్లవాడైన డగ్లస్ ప్రభువును విందుకు పిలిచి తల తీయడం, 1452లో స్టర్లింగులో ఇంకో డగ్లస్ ప్రభువును రాజు తన చేతితోనే పొడవడం, 1455లో వంశం ఆస్తులన్నీ జప్తు కావడం, ఇవన్నీ ఆ చెట్టు కాసిన కాయలు. నాటికలో ఈ సంగతులు వుండవు. వుండనక్కరలేదు కూడా, పిల్లలు పాపం.

మిత్రులు డగ్లస్‌ను మన అల్లూరి సీతారామరాజుతో పోల్చారు. ఇక్కడ మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది. 1922 ఆగస్టులో రాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకున్నాడు. తీసుకున్నవాటి లెక్క వ్రాసిచ్చి మరీ పోయేవాడని చెబుతారు. అవతలి సీమ రైతు గాదె కాల్చలేదు, చర్చిలో దాక్కున్న ఆడవాళ్ళకు ధర కట్టలేదు. పోల్చి తీరాలంటే 1816లో గుంటూరు సీమ మీద పడ్డ పిండారీల గుర్రపు దండులతో పోల్చండి. అది కూడా పూర్తిగా న్యాయం కాదు, డగ్లస్ వెనుక ఒక రాజూ ఒక దేశమూ వున్నాయి, పిండారీల వెనుక దోపిడీ తప్ప ఏమీ లేదు. కాని ఇల్లు తగలబడుతున్నవాడికి ఆ తేడా తెలిసే వీలు తక్కువ. ఇంగ్లీషు ఆడవాళ్ళు పిల్లలను బెదిరించడానికి నల్ల డగ్లస్ పేరు చెప్పేవారని, వాళ్ళకది బూచాడి పేరని, బార్బరే గర్వంగా వ్రాసుకున్నాడు. ఏ తల్లీ పిల్లవాణ్ణి భయపెట్టడానికి వీరుడి పేరు చెప్పదు.

ఈ బార్బర్ ఎవరో కూడా చెప్పాలి. అబర్డీనులో ఆర్చిడీకను. డగ్లస్ చనిపోయిన నలభై అయిదేళ్ళకు, 1375లో, బ్రూస్ మనుమడు రాజ్యం చేస్తుండగా కావ్యం వ్రాశాడు. 1377లో ఆ రాజు దగ్గర 10 పౌనుల బహుమానం, మరుసటేడు 20 షిల్లింగుల శాశ్వత పింఛను పుచ్చుకున్నాడు. కవిగా గొప్పవాడే. కాని ఆస్థానకవి ప్రభువుల వంశాలను ఎలా వర్ణిస్తాడో మనకు ఒకరు నేర్పాలా? ఆ తరువాత వాల్టర్ స్కాట్ వచ్చి మరో పూత పూశాడు. రాజుగారి గుండెను శత్రువుల మధ్యకు విసిరి దాని వెంట డగ్లస్ దూకాడన్న ఘట్టం బార్బర్ మూలంలోనే లేదు, తరువాతివాళ్ళు చేర్చినది. మన నాటికలో చివరి రంగం అదే. 1330 ఆగస్టులో స్పెయిన్‌లోని తేబా దగ్గర డగ్లస్ చనిపోయిన మాట నిజం, స్నేహితుడికిచ్చిన మాట కోసం వెళ్ళిన మాట నిజం. ఆ విశ్వాసానికి నేనూ నమస్కరిస్తాను. అయితే అక్కడ కూడా కాస్టిల్ రాజుకూ గ్రనడా సుల్తానుకూ నడుమ సరిహద్దు తగవే. అక్కడా కాలినవి పొలాలే.

ఇంతకూ నాటికలో వుండవలసిన అసలు మనిషి ఇంకొకడున్నాడు. పేరు ఆండ్రూ హార్క్లే. ఇంగ్లీషువాడు. 1315లో స్కాట్లు కార్లైల్‌ను ముట్టడిస్తే నిలబడి కాపాడినవాడు. తరువాత 1322లో బరోబ్రిడ్జ్ యుద్ధంలో గెలిచినందుకు కార్లైల్ ప్రభువయ్యాడు. బైలండ్‌లో రాజు మరోసారి పారిపోవడం చూశాక, ఈ రాజు యుద్ధం గెలవలేడు, సంధి చేయడు, మధ్యలో చస్తున్నది ఈ జనం అనుకున్నాడు. 1323 జనవరి 3న తనంతట తానే సరిహద్దు దాటి, లాక్‌మేబెన్ వెళ్ళి బ్రూస్‌తో సంధి వ్రాసుకున్నాడు. రెండు రాజ్యాలు వేరు వేరు, ఎవరి దేశం వారిది. ఇంగ్లండు రాజు ఏడాదిలోగా ఒప్పుకుంటే బ్రూస్ 40,000 మార్కులు వాయిదాల మీద ఇస్తాడు. ఈ వార్త విని ఉత్తరాది బీదలు, రైతులు ఎంతో సంతోషించారని, ఇకనైనా బతకవచ్చుననుకున్నారని లానర్కాస్ట్ చరిత్రకారుడు వ్రాశాడు. ఎడ్వర్డు ఏం చేశాడు? రాజద్రోహమన్నాడు. మార్చి 3న కార్లైల్‌లో హార్క్లేను వురితీసి, కడుపు చీల్చి, శరీరాన్ని నాలుగు ముక్కలు చేయించాడు. మూడు నెలలు తిరగకుండా, మే ఆఖరున, అదే ఎడ్వర్డు అదే బ్రూస్‌తో పదమూడేళ్ళ యుద్ధవిరామం వ్రాసుకున్నాడు!

కాల్చినవాడికి కావ్యం, విగ్రహం, డగ్లస్ వూరి చర్చిలో రాతి సమాధి. ఆపబోయినవాడికి నాలుగు ముక్కలు. మన పిల్లలు ఈ దేశంలో పుట్టినవాళ్ళు, ఇక్కడి వీరులు వాళ్ళకు తెలియాలని మిత్రులు వ్రాశారు. తెలియాలి. హార్క్లే కూడా తెలియాలి. స్కాట్లండులో పుట్టిన మా వాడు, ఇంగ్లండునుంచి వచ్చిన పక్కింటి ముసలావిడ చూస్తుండగా, ఏ కథ చెబుతున్నాడో తెలిసి చెప్పాలి.

నాటిక మానేయమని నేను అనడం లేదు. దుస్తులు కుట్టించడం కూడా అయిపోయిందని విన్నాను. నా కోరికలు మూడు. రెండో రంగంలో పిండికుప్ప మీద తలలు నరికే ఘట్టం తీసేయండి, లేదా చప్పట్ల సూచన అయినా కొట్టేయండి. చివరి రంగానికి ముందు హార్క్లే లాక్‌మేబెన్ వెళ్ళే రంగం ఒకటి చేర్చండి, పది నిముషాలు చాలు, మాటలు నేను వ్రాసిస్తాను. మధ్యలో రిపన్ ఆడవాళ్ళు అర్జీ పట్టుకుని రంగం మీదికి రావాలి. డగ్లస్ వేషంలో వున్న పిల్లవాడు అప్పుడు రంగం మీదే వుండాలి, తప్పుకోకూడదు. ఆ అర్జీకి ఆరుగురు ఆడపిల్లలు కావాలి. మా అమ్మాయి వేస్తానంది. మిగిలిన అయిదుగురి పేర్లు ఈ నెలాఖరులోగా కార్యదర్శిగారికి ఇవ్వవలసిందిగా తల్లిదండ్రులను కోరుతున్నాను.